పటం మీద తొమ్మిది చుక్కలు

పిల్లి సంవత్సరం, మొదటి నెల, పదో రోజు

నా చేతిరాత బాగుండదు. అక్షరాల్లో తప్పులు కూడా చాలా ఉంటాయి. చదివేవారు మన్నించాలి.

చదివేవారు ఎవరూ లేరని నాకు తెలుసు. కానీ మా పంతులు మూడేళ్ళలో నాకు నేర్పింది ఉత్తరం రాయడం ఒక్కటే. ఇంకోలా మొదలుపెట్టడం నాకు రాదు. నోటితో చెప్పడం అంతకన్నా రాదు. అందుకే ఈ పుస్తకం.

నిన్న బియెన్‌ని పడవలో తెచ్చారు. పక్క కాలవ మనిషి. మాలాగే అడవి తేనె తీసేవాడు. పొద్దున అడవిలో తన బయల్లో, ఈగల్ని తోలడానికి పట్టు కింద పొగ పెట్టాడు. పైనుంచి గరిటె వచ్చింది. అమెరికావాళ్ళ హెలికాప్టరుని మేం గరిటె అంటాం, దాని తోక అలా ఉంటుంది. అడవిలో పొగ కనిపిస్తే తిరగబడ్డవాళ్ళు అన్నం వండుకుంటున్నారని వాళ్ళ లెక్క. బియెన్‌కి నడుం కింద ఏమీ మిగల్లేదు. మిగిలినదాన్ని తేనెటీగలు కుట్టి కుట్టి ఉబ్బించాయి. కొబ్బరిపీచు కాగడా మాత్రం చేతిలో అలాగే ఉంది. వేళ్ళు విడదీయలేక కాగడాతోనే పూడ్చారు.

వెనకటి తెల్లవాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, మోకాలి లోతు బురదలో నడిచి వచ్చేవాళ్ళు. ముందు కొంగలు లేచేవి. మేం పారిపోయేవాళ్ళం. వీళ్ళు కొంగల పైనుంచి వస్తున్నారు.

పన్నెండో రోజు

తేనెవాళ్ళమంతా వేన్ ఇంట్లో కూడాం. వేన్ నా వియ్యంకుడు. నా కూతురు లువాని ఆయన కొడుకు హొయాన్‌కి ఇచ్చాను. హొయాన్ పోయిన వానాకాలం నుంచి అడవిలో తిరగబడ్డవాళ్ళతో ఉన్నాడు.

"ఎవడో ఒకడు ఠాణాకి పోయి చెప్పాలి. పొద్దుటి పొగ తేనె పొగ, దాన్ని కాల్చొద్దని," అన్నాడు వేన్.

"నువ్వే పో. నీకు నోరుందిగా," అన్నాడు ఎవరో.

"నోరుంది కాబట్టే పోకూడదు. నా కొడుకు గురించి ఒక్క మాట అడిగారనుకో, నేను పది చెప్పేస్తా. మా బావని పంపుదాం. ఈయన పెళ్ళిచూపుల్లో కూడా మా చెల్లెమ్మ పేరడగలేదు. ఈయన కడుపులో మాట, బొరియలో పీత. పుల్ల పెట్టి పొడిచినా బయటికి రాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత వేన్ నా పక్కకొచ్చి కూచున్నాడు. "పొగ గురించే చెప్పు. బయళ్ళ మాట ఎత్తకు. నీది కాదు, నాది కాదు, ఒక్క బయలు కూడా వాళ్ళ చెవిన పడకూడదు. తెలిసిందా బావా?"

తలాడించాను. తెలియకపోవడం ఏముంది? అడవిలో చెట్లు పలచబడి ఎండ పడే చోటు వెతికి, ఏటవాలుగా వాసం కడితే పెరతేనెటీగలు వచ్చి దాని కింద పట్టు పెడతాయి. ఆ చోటు కట్టినవాడికే తెలుస్తుంది. ఏటా కోడిని కోసి అడవి తల్లి ముందు ఒట్టు పెట్టుకుంటాం. ఒకడి బయలు ఇంకొకడి నోట రాకూడదు. వస్తే ఆ నాలుక కుళ్ళిపోవాలి. మా తాత పెట్టుకున్నాడు, నాన్న పెట్టుకున్నాడు, నేను యాభై సార్లు పెట్టుకున్నాను.

పద్నాలుగో రోజు

ఠాణాకి పోయి వచ్చాను. కెప్టెన్ ఉన్నాడు, మా దేశంవాడే. పక్కన ఒక అమెరికావాడు, పొడుగాయన, కాళ్ళు బల్ల కింద పట్టక బయటికి చాపుకున్నాడు. మా మాటలు ఆయనకి మార్చి చెప్పడానికి కియెట్ ఉన్నాడు. కింది కాలవ బాతులావిడ కొడుకు. "కూర్చోండి తాతా" అని కుర్చీ వేశాడు.

చెప్పాల్సింది చెప్పాను.

తిరిగి వచ్చేసరికి వేన్ రేవులోనే ఉన్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఒప్పుకున్నారా?"

"ఆఁ."

నా వీపు మీద చరిచి, సారా సీసా తీశాడు.

పదిహేనో రోజు

చెప్పాల్సిందే చెప్పాను.

పంతొమ్మిదో రోజు

కాలవ పొడుగునా అందరూ అడవిలోకి పోతున్నారు. ఈ ఏడు పూత బాగుంది, పట్లు బరువుగా ఉన్నాయి. ఇవాళ నేను నా మూడో బయల్లో పొగ పెట్టాను. గరిటె వచ్చింది. నా నెత్తిన ఒక చుట్టు తిరిగింది. తలుపు దగ్గర తుపాకీ పట్టుకుని కూచున్నవాడు ఏదో నముల్తున్నాడు. నా వైపు చెయ్యి ఊపి పోయాడు. నేను తల దించుకున్నాను.

మధ్యాహ్నం లువా వచ్చింది. వేన్ ఇంట్లో పట్టులోని ఈగపిల్లల్ని వేయించారట, గిన్నెలో తెచ్చింది.

"రెండోదాన్నొచ్చా నాన్నా, గిన్నె అందుకో."

మా వైపు మొదటి బిడ్డని మొదటిది అనం. అంటే దయ్యాలకి కన్ను పడుతుంది. రెండోది అంటాం. నాకున్నది ఒక్కతే, ఆ ఒక్కతీ రెండోదే.

"రేపట్నుంచి నేనూ మావయ్యతో అడవికి పోతున్నా. బుట్ట పట్టడానికి మనిషి లేడుగా," అంది.

"వద్దు."

"ఎందుకొద్దు? నువ్వే కదా ఠాణాకి పోయి సర్దొచ్చావు. కాలవంతా నిన్నే పొగుడుతోంది. మూగోడనుకుంటే మునసబు పని చేశాడని మావయ్య అందరికీ చెప్తున్నాడు."

నేను పీచు చీల్చడానికి పెరట్లోకి పోయాను.

ఇరవై రెండో రోజు

వేన్‌కి చెబుదామని పోయాను. వాళ్ళింట్లో చుట్టాలున్నారు.

ఇరవై అయిదో రోజు

మళ్ళీ పోయాను. వల బాగుచేసుకుంటున్నాడు. ఇద్దరం కూచుని బాగుచేశాం. వచ్చేశాను.

రెండో నెల, మూడో రోజు

రాయాలి.

పొద్దున నా అయిదో బయల్లో ఉన్నాను. కాగడా అంటించాను. గరిటెలు రెండు వచ్చాయి. నా మీద తిరగలేదు, నేరుగా ఉత్తరానికి పోయాయి. అక్కడ చెట్ల మీద ఇంకో పొగ తెల్లగా లేస్తోంది. అది ఎవరిదో నాకు తెలుసు. ఎక్కడిదో కూడా తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట దారి తప్పి ఒకసారి చూశాను, చూడనట్టు వచ్చేశాను.

అరిచాను. నాకు అంత గొంతు ఉందని నాకు తెలియదు. ఆ చప్పుడులో ఎవరికి వినపడుతుంది?

మొదటి గరిటె కాల్చింది. ఆగింది. తిరిగి వచ్చి కాల్చింది. రెండోది కూడా కాల్చింది. పొగ సన్నగా అయి, ఆగింది.

నేను నీళ్ళలో పడుతూ లేస్తూ పోయాను. దారి కాళ్ళకి తెలిసిపోయింది.

వేన్ వాసం కిందే ఉన్నాడు. మొహం సగం లేదు. ఉన్న సగం మీద ఈగలు ఎంత దట్టంగా వాలాయంటే కొత్తగా గడ్డం వచ్చినట్టుంది. పట్టు చిరిగి ఆయన ఛాతీ మీద పడింది. తేనె, రక్తం కలిసి గడ్డి మీదికి కారుతున్నాయి. చెక్కకత్తి పక్కనే ఉంది. మేం ఇనుము వాడం, ఇనుము వాసనకి ఈగలు అలుగుతాయి.

లువా పదడుగుల అవతల ఉంది. పాకుతోంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తోలుకి వేలాడుతోంది. దాన్ని కుడిచేత్తో పట్టుకుని పాకుతోంది, ఎవరైనా తీసుకుంటారేమో అన్నట్టు. ఈగలు జుట్టులో దూరాయి. పిల్లని ఎత్తి నల్లనీళ్ళ గుంటలో ముక్కు దాకా ముంచి, నా చొక్కా తల మీద కప్పాను. గరిటెలు మళ్ళీ వచ్చాయి. చచ్చిన వేన్‌ని మళ్ళీ కాల్చాయి. ఆయన ఒళ్ళు లేచి లేచి పడింది.

నీళ్ళలోంచి లువా అంది, "నాన్నా, నువ్వు చెప్పావుగా వాళ్ళకి."

"చెప్పానమ్మా."

"మరి?"

నాలుగో రోజు

నాటు వైద్యుడు లువా చెయ్యి తీసేశాడు. పడవలు కోసే రంపం. నలుగురం పట్టుకున్నాం. నేను భుజం పట్టుకున్నాను. ఎముక తెగేదాకా అది నన్నే చూస్తూ ఉంది.

మందు లేదు. మొండి మీద తేనె పట్టించమన్నాడు. ఇంట్లో ఉన్నది నా బయళ్ళ తేనె.

ఆరో రోజు

వేన్‌ని పూడ్చాం. మొహం మీద అరటాకు కప్పాం, వాళ్ళావిడ చూడకుండా.

మట్టి వేస్తుండగా హొయాన్ వచ్చాడు. ఇద్దరు తుపాకులవాళ్ళు చెట్ల దగ్గర ఆగారు. వాడు తండ్రి గుంట దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత మా ఇంటికొచ్చి మంచం మీదున్న లువా మొండి చెయ్యి చూశాడు. ఏడవలేదు. నా పక్కన కూచుని కర్మకాండ అన్నం తిన్నాడు.

"మామయ్యా, నువ్వు ఠాణాలో చెప్పినప్పుడు అక్కడ ఎవరెవరున్నారు?"

"కెప్టెన్. పొడుగాయన. కియెట్."

"కియెట్ అంటే ఆ బాతులావిడ కొడుకేనా? నీ మాట అమెరికావాడికి మార్చి చెప్పింది వాడేగా?"

"వాడే."

"అయితే ఆ నాకొడుకు మార్చి చెప్పలేదన్నమాట."

నా నోట్లో అన్నం ఉంది.

లువా మంచం మీంచి అంది, "నాన్న అబద్ధం చెప్పడు. నాన్న చెప్పే ఉంటాడు."

హొయాన్ గిన్నె కడిగి బోర్లించి పోయాడు. నా నోట్లో అన్నం అలాగే ఉంది.

పదకొండో రోజు

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తేనె పట్టిస్తున్నాను. చీము తగ్గింది.

పదిహేనో రోజు

కాలవ మలుపులో హొయాన్ వాళ్ళు ఠాణా పడవని పేల్చారు. నేను పీచు నానబెట్టిన చోటికి అర మైలు. ముందు చప్పుడు, తర్వాత చేపలు తెల్లగా తేలాయి, వాటి వెనక మనుషులు. నలుగురు సిపాయిలు. ఒకడికి బెల్టు కింద ఏమీ లేదు, బెల్టు మాత్రం గట్టిగా పెట్టుకున్నాడు. ఒక పెద్ద బూటు తేలింది, మా వాళ్ళ పాదం కాదు అది. అందులో పాదం ఉంది. పిల్లలు కర్రలతో దాన్ని నెట్టారు.

ఒకణ్ణి ప్రాణంతో పట్టుకుపోయారని చెప్పుకుంటున్నారు. మాటలు మార్చి చెప్పేవాణ్ణి.

పదహారో రోజు

కియెట్.

పదిహేడో రోజు

ఠాణావాళ్ళు పగ తీర్చుకోవడానికి వచ్చారు. గరిటెలు ఏడు లెక్కపెట్టాను. అడవిలో ఎక్కడ దిగాలో వెతుక్కోలేదు. నేరుగా నా మూడో బయల్లో రెండు, ఆరో బయల్లో మూడు, తొమ్మిదో దాంట్లో రెండు దిగాయి. తలుపుల్లోంచి సిపాయిలు దూకారు. నా వాసాలు బూటు కాళ్ళతో తన్నేశారు. పైకాలవలో పదమూడు ఇళ్ళు కాల్చారు. ఒక ముసలావిడ నీళ్ళకుండ మోస్తూ బయటికి వచ్చింది, కుండ ముందు పగిలింది, తర్వాత ఆవిడ పడింది. ఒక గేదెని కడుపులో కాల్చి వదిలేశారు. అది పేగులు తొక్కుకుంటూ కాలవలో దిగింది. ఆ కాలవలోనే మేం నీళ్ళు ముంచుకుంటాం.

చీకటి పడేలోపు పోయారు. నా బయళ్ళలోంచే పోయారు.

పద్దెనిమిదో రోజు

బాతులావిడ వచ్చింది. పడవ నిండా బాతులు. ఇంట్లో వదలడానికి మనిషి లేడట, వాటినీ తెచ్చేసుకుంది. కాళ్ళకి బురదతో అరుగు కింద నిలబడింది. పైకి రమ్మంటే రాలేదు.

"అన్నా, ఎల్లుండి మావాడికి విచారణంట. ఇరవయ్యో తారీకు పొద్దున, అడవిలో. తలకాయ తీసేస్తారంట. మీరు ఠాణాలో చెప్పిన మాట వాడు దాచేశాడంట. ఆ మాట మీ అల్లుడే అన్నాడంట."

కాళ్ళు కడుక్కోడానికి చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టాను.

"వాడు దొంగే, ఒప్పుకుంటా. చిన్నప్పట్నుంచి నా గుడ్లు దొంగతనంగా అమ్ముకు తినేవాడు. తెల్లోడి దగ్గర జీతానికి చేరాడు, చెప్పుతో కొట్టాను, ఊరంతా చూసింది. కానీ మాట దాచేవాడు కాదన్నా. వాడికి కడుపులో మాటే ఆగదు. మీరే చెప్పండి, దాచాడా?"

లువా మంచం మీంచి వింటోంది.

"మీకు మీ పిల్ల చెయ్యి పోయింది, మీ వియ్యంకుడు పోయాడు. మీకు కోపం ఉంటది. కాదనను. ఒక్క మాట చెప్పండి చాలు. దాచాడంటే నేను ఈ బాతుల్ని తోలుకుని ఇంటికి పోతా, మళ్ళీ అడగను."

"రేపు రామ్మా," అన్నాను.

"రేపు అంటే ఇంక ఒక్క రోజేగా అన్నా."

"రేపు రా."

పోలేదు. మా రేవులోనే పడవ కట్టేసుకుని కూచుంది. బాతులు అరుస్తున్నాయి.

పంతొమ్మిదో రోజు

పద్నాలుగో రోజున ఏం జరిగిందో రాస్తాను. ఇదివరకు రాయలేదు.

పొగ గురించి చెప్పాను. కెప్టెన్ నవ్వాడు. "ముసలాడా, పైనుంచి చూసేవాడికి ఏ పొగైనా పొగే. ఎక్కడెక్కడో చూపించు, అక్కడ కాల్చరు," అన్నాడు. పటం పరిచాడు. కాలవలన్నీ అందులో ఉన్నాయి, మా రేవు కూడా. పెన్సిలు నా చేతిలో పెట్టాడు. బయళ్ళ మాట ఎత్తొద్దని వేన్ చెప్పాడు. కానీ ఎదురుగా తుపాకీ ఉంది, పొడుగాయన చూస్తున్నాడు, నాకు కాదనడం రాదు. నావి నేను చూపించుకుంటే ఒట్టు తప్పినట్టు కాదు కదా అనుకున్నాను. తొమ్మిది చుక్కలు పెట్టాను. నా తొమ్మిదీ.

"ఇంతేనా?" అన్నాడు కెప్టెన్.

"ఇంతే."

కియెట్ నా పక్కకి వంగి చిన్నగా అన్నాడు, "తాతా, మీ జట్టువాళ్ళవి కూడా ఉంటే చెప్పండి. అవి కూడా రాయిస్తా. ఇవి తప్ప ఇంకెక్కడ పొగ లేచినా కాల్చమంటాడు ఈయన. మంచిగా ఆలోచించి చెప్పండి."

రెండుసార్లు అడిగాడు. రెండోసారి నా మోచెయ్యి పట్టుకుని అడిగాడు.

వేన్ బయళ్ళు నాకు తెలుసు, ఒకటి చూసి, మిగతావి ఏటా లేచే పొగని బట్టి. పదకొండు. ఒట్టు గుర్తొచ్చింది. "ఇంకేం లేవు బాబూ," అన్నాను.

ఒట్టు వల్లే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ పూటకి ఒట్టే కావచ్చు. కానీ ఆ తర్వాత పంతొమ్మిది రోజులున్నాయి. రేవులో దిగగానే వేన్‌తో ఒక్క మాట అంటే చాలు, నా పొగకి తప్ప ఎవరి పొగకీ భద్రం లేదు, మీరు పోవద్దు అని. అంటే పటం మీద చెయ్యి పెట్టానని చెప్పాలి. వాళ్ళంతా నన్ను పొగుడుతున్నారు. నన్ను ఎప్పుడూ ఎవరూ పొగడలేదు. సిగ్గేసింది. వల బాగుచేసి వచ్చేశాను.

ఇవాళ తేనె పట్టిస్తూ లువాకి చెప్పాను. అంతా చెప్పాను. కట్టు కడుతూ చెప్పాను, మొహం చూడకుండా.

కట్టు ముడిని కుడిచేత్తో తడిమి చూసుకుంది. తర్వాత అంది, "రోజూ రెండుసార్లు ఈ చెయ్యి పట్టుకున్నావు. ఒక్కసారి కూడా చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది."

"అనిపించిందా!"

గోడ వైపు తిరిగిపోయింది. రేవులో బాతుల అరుపులు వినపడుతూనే ఉన్నాయి. మొహం తిప్పకుండానే అంది, "ఆవిడ రెండు రోజులుగా తిండి తినలేదు. ముందు ఆవిడకి గంజి పొయ్యి. ఆ తర్వాత మా ఆయనకి రాయి. నువ్వు నోటితో చెప్పలేవుగా, రాయి."

"రాస్తే నన్ను బతకనివ్వడు."

"అది నాకు తెలీదు నాన్నా. నన్నడక్కు."

బాతులావిడకి గంజి పోశాను. నిలబడే తాగింది.

హొయాన్, ఇక్కణ్ణుంచి నీకు. ఉత్తరానికి వేరే కాగితం లేదు. ఉన్నా ఇదంతా రెండోసారి రాయలేను. అందుకని పుస్తకమే పంపుతున్నాను. మొదట్నుంచి చదువు. ఎవరికని తెలియక మొదలుపెట్టాను, నీకే అయింది.

మీ నాన్నని కాల్చింది వాళ్ళు. దాన్ని నేను వాళ్ళ నెత్తి మీంచి దించను. కానీ కియెట్ ఏ మాటా దాచలేదు. దాచింది నేను, వాడి దగ్గర ఒకసారి, మీ నాన్న దగ్గర పంతొమ్మిది రోజులు, నీ దగ్గర నోట్లో అన్నం పెట్టుకుని. విచారణ నాకు పెట్టు. నేను ఇల్లు కదలను. లువాకి ఇంకా కొన్నాళ్ళు తేనె పట్టించాలి, ఆ తర్వాత ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. పడవలు కోసే రంపం ఇక్కడే ఉంది.

నా తొమ్మిది బయళ్ళ వైపు మీవాళ్ళని పోవద్దని చెప్పు. అక్కడ ఠాణావాళ్ళు దిగుతారు.

ఈ పుస్తకం తెస్తున్నది కియెట్ తల్లే. ఆమెకి చదువు రాదు. ఇందులో ఆమె కొడుకు తప్పు లేదని రాశానని మాత్రం చెప్పాను. అప్పుడు ఆమె నా కాళ్ళు పట్టుకోబోయింది, నేను పెరట్లోకి పారిపోయాను. లోపలికి రానివ్వకపోతే మీ కాపలా దగ్గరే పడవలో కూచుంటుంది. ఆమె కదలదు, నాకు తెలుసు. బాతులు కూడా వెంటే ఉంటాయి.

నా సంగతి తర్వాత రాద్దువుగాని, లేకపోతే రాయొద్దు. ఆమె చేతికి మాత్రం జవాబు త్వరగా ఇయ్యి. ఈ పేజీ చదవగానే ఇయ్యి.

నీ మామ, థోయ్